గొణుగుళ్ళ సందు

మా ఎర్రరాళ్ళ పార్కులో గొణుగుళ్ళ సందు అంటే పగటిపూట అందరికీ ముద్దే. చేతులు చాపితే రెండు పక్కలా కొండ తగిలేంత ఇరుకు. ఫొటోల కోసం ఎగబడతారు. పొద్దు గూకాక మాత్రం మా ఊరివాళ్ళెవరూ అటు తొంగి చూడరు. లోపల ఎవరో గొణుగుతారట... బతిమాలుతారట... మధ్యమధ్యలో రాయి మీద రాయి పడ్డ చప్పుడట.

నేను పార్కు గేటు దగ్గరి హోటల్లో వంట చేస్తాను. అమెరికాలో ఈ యూటా రాష్ట్రంలోనే పుట్టి పెరిగాను, దెయ్యాలంటే పకపకా నవ్వుతాను. అయినా చీకటి పడ్డాక అటు వెళ్ళను. నవ్వు వేరు, కాళ్ళు వేరు.

ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు చెప్పింది మెర్లీన్. ఇద్దరు పిల్లలతో పార్కు చూడటానికి వచ్చింది. మర్నాడు మా హోటల్లో పాన్‌కేకులు తింటూ చెప్పింది. నవ్వుతూనే చెప్పింది.

ముందురోజు మధ్యాహ్నం, పార్కు కాపలా చూసే రేంజరు డెల్ఫా పిల్లలిద్దరి చేతా కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించింది — ఈ పార్కులోంచి గులకరాయి కూడా తీసుకుపోము అని. జూనియర్ రేంజర్ బ్యాడ్జీలు పెట్టింది. ఇక చిన్నది, ఆరేళ్ళ బ్రిన్లీకి కాళ్ళు నేల మీద ఆనలేదు. చిప్స్ కవరు పడేసిన ఒక పెద్దాయన వెంటపడి మరీ తీయించింది.

సాయంత్రం గుడారం ముందు మంట వేసుకుని మార్ష్‌మాలో మిఠాయిలు కాల్చుకుంటున్నారు. అన్న థేన్ చాక్లెట్ కోసం చెల్లెలి కోటు జేబులో చెయ్యి పెట్టాడు. ఎర్రరాయి బయటికొచ్చింది.

"ఓహో, దొంగ రేంజరు!"

"ప్రమాణం కంటే ముందే తీశాను! అది లెక్కలోకి రాదు!"

"ఎందుకు రాదు? పొద్దున్నే డెల్ఫా మేడమ్ బ్యాడ్జీ పీకేస్తుంది చూడు."

బ్రిన్లీ పెదవి కొరుక్కుంటూ బ్యాడ్జీని అరచేత్తో కప్పేసుకుంది.

"ఇప్పుడే పెట్టేసి వద్దాం అమ్మా. ఎక్కడ తీశానో అక్కడే."

"ఎక్కడ తీశావే?"

"గొణుగుళ్ళ సందులో..."

తప్పుతుందా? బయల్దేరారు. రాత్రిళ్ళు చుక్కలు చూడ్డానికి వచ్చేవాళ్ళు కళ్ళలో తెల్ల వెలుతురు పడితే గొడవకొస్తారని మా దగ్గర టార్చికి ఎర్రకాగితం చుడతాం. ఆ ఎర్రటి మసక వెలుతురులో సందులోకి దిగారు. లోపల చలి. గాలి లేదు. నాలుగడుగులు వేశారో లేదో —

"క్షమించు..."

టక్.

"బుద్ధి గడ్డి తిని తీసుకెళ్ళాను... అప్పట్నుంచీ అన్నీ కష్టాలే... కుక్క కూడా పారిపోయింది... క్షమించు..."

టక్.

థేన్ తల్లి వెనక్కి చేరాడు. మెర్లీన్ టార్చి ముందుకు చాపింది. మలుపు దగ్గర ఏదో కదిలింది... పొడుగ్గా... తల మాత్రం పళ్ళెంలా వెడల్పుగా...

"ఎవరక్కడ?" బ్రిన్లీ అరిచింది. "నేను జూనియర్ రేంజర్ని! చేతులు పైకెత్తు!"

చేతులు పైకి లేచాయి. బకెట్ ఒకటి దభీమని కింద పడింది.

"కాల్చకు తల్లీ, నేనూ రేంజర్నే!"

డెల్ఫా! ఆ పళ్ళెం ఆవిడ టోపీ.

"ఇక్కడ రాళ్ళు ఎత్తుకుపోయినవాళ్ళంతా తర్వాత ఏ కష్టమొచ్చినా రాయి వల్లేనని భయపడి తిరిగి పార్సెల్ చేస్తారు," అంది డెల్ఫా సిగ్గుపడుతూ. "కొండకి మా తరఫున క్షమాపణ చెప్పండి అంటారు. పగలు చెబితే జనం నవ్వుతారు. అందుకే చీకటి పడ్డాక వచ్చి, ఒక్కో రాయీ పెడుతూ వాళ్ళు రాసిన మాటలే చెబుతాను."

మెర్లీన్ గుండె కుదుటపడింది. ఇన్నేళ్ళ దెయ్యం ఇదా అని నవ్వొచ్చింది. బ్రిన్లీ మాత్రం నవ్వలేదు. జేబులోంచి రాయి తీసింది. బ్యాడ్జీ విప్పి చాపింది.

డెల్ఫా పుచ్చుకోలేదు. "నాకెందుకమ్మా? రాయి నాదా? కొండనే అడుగు."

బ్రిన్లీ రాయి కింద పెట్టి చీకట్లోకి చూసింది.

"ముద్దొచ్చి తీశాను. ప్రమాణం కంటే ముందే... అయినా తప్పే. బ్యాడ్జీ ఉంచుకోవచ్చా?"

దారి మూసుకుపోయే ఆ చివర్నుంచి —

"సరేలే తల్లీ... ఈసారికి ఉంచుకో."

థేన్ కిసుక్కున నవ్వాడు. "గొంతు భలే మార్చారు మేడమ్!"

వెనక్కి తిరిగి చూస్తే డెల్ఫా అప్పటికే సందు దాటి పరుగెడుతోంది. టోపీ ఒకచోట, మనిషి ఒకచోట. మెర్లీన్, థేన్ ఆ వెనకే పరుగు లంకించుకున్నారు.

బ్రిన్లీ మాత్రం నిదానంగా బ్యాడ్జీ పెట్టుకుని, "థాంక్యూ" అని చెప్పి మరీ వచ్చిందట.