కట్టుబడి వేళ

దాలమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చెల్లెలు నీలవేణి పక్కనే కూర్చుని రోట్లో పచ్చడి నూరుతోంది. వాళ్ళ చుట్టూ ఇల్లు తనను తానే కట్టుకుంటోంది.

ఆ కాలంలో ప్రతి ఇల్లూ తెల్లవారగానే నిన్నటి మరకలతో సహా తెలివినంతా చెరిపేసుకుని, కట్టుబడి పత్రంలో రాసినట్టు కొత్తగా సిద్ధమయ్యేది. సమకూర్పరి అనే యంత్రం ఎక్కడెక్కడి నుంచో పొట్లాలు తెచ్చేది. ఒక్కో పొట్లంలో ఒక్కో విద్య: వంట, ఉతుకు, కాపలా. పైకప్పు నుంచి దిగిన నాలుగు ఉక్కుచేతులు వాటిని నేర్చుకునేవి. చెడ్డ పొట్లం ఏదైనా వస్తే దాని చేటు వీధిలోకి పాకకుండా, కట్టుబడి సాగే గంటసేపూ తలుపు బిగిసి ఉండేది. ఆ గంట మనుషులు బయట ఉండాలని నియమం. కానీ ఆ రోజుల్లో బయట పొద్దుటి ఎండకే అరికాళ్ళు బొబ్బలెక్కేవి. పేటలో ఎవరూ ఆ నియమం పాటించలేదు.

"మూలాధికారం దింపేవా, నాయుడూ?" అంది దాలమ్మ.

నీలవేణి భర్త గురునాయుడు పేటంతటికీ కట్టుబడి పత్రాలు రాసేవాడు. మూలాధికారం ఉన్న సమకూర్పరి ఎవరినీ అడగదు. అది దింపితే చేతుల పట్టు బిందె ఎత్తేంత మాత్రమే ఉంటుంది.

"దింపితే పొట్లం పొట్లానికీ ఏలిముద్ర అడుగుద్ది వొదినా. మూడొందల పొట్లాలు! నా బొటనేలు అరిగిపోద్ది," అని నవ్వాడు. "కట్టినంతసేపే కదా. లోపలిది బయటికెల్లదు."

"లోపల మనమే కదేటి ఉన్నాం?"

"బయపడకు. నీకోసం ఈనెలు తీసే ఇద్య కూడా పెట్టేను. రేపట్నుంచి కూకోని తిను."

"ఎవులు రాసేరు దాన్ని?"

"ఎవులో రాసేరు. అందరూ వాడతన్నారు."

ఉక్కుచేయి ఒకటి కిందికి వచ్చి దాలమ్మ చేతిలోని కాయ అందుకుంది. కొస తుంచి, ఈనె సన్నగా లాగింది.

"ఓలమ్మ, నాకన్నా బాగా తీస్తంది!"

తరువాత అది ఆమె చూపుడువేలు అందుకుంది. కొస విరిచి వెనక్కి లాగింది. తెల్లటి నరం మణికట్టు దాకా ఊడి వచ్చింది.

దాలమ్మ కేకకు రోలు పక్కన గిన్నె దొర్లిపోయింది. నీలవేణి పొత్రం ఎత్తి ఉక్కుచేతి కీలు మీద కొట్టింది. రెండో దెబ్బకు ఎత్తేసరికి గురునాయుడు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఇరగ్గొట్టకు! మజ్జిలో ఆగిపోతే తలుపు తెరుసుకోదు, మొదట్నుంచీ కట్టుకోవాల! నాను ఆపుతాను, ఉండు!"

"ఆపు! ఆపు!" అని గోడకేసి అరిచాడు. సమకూర్పరి వినలేదు. వినాల్సిన అవసరం లేకుండా దానికి అధికారం ఇచ్చింది అతనే. దాలమ్మ మధ్యవేలు విరిగింది. ఉంగరపు వేలు విరిగింది. అతను పట్టు వదల్లేదు.

నీలవేణి అతని చేతిని నెత్తురొచ్చేలా కొరికి విడిపించుకుంది. కీలు తునిగిపోయేదాకా కొట్టింది. మిగిలిన మూడు చేతులు అక్క వైపు వంగితే వాటినీ కొట్టింది. ఇల్లు చీకటైంది. తలుపు తెరుచుకోలేదు. కేకలు విని వీధివాళ్ళు గునపాలతో దాన్ని పగలగొట్టారు.

దాలమ్మ వలలు అల్లి బతికేది. ఆసుపత్రిలో ఆమె కుడిచేతిని మణికట్టు దగ్గర తీసేశారు.

నాలుగో రోజు నీలవేణి ఇంటికి వచ్చింది. పైకప్పుకు కొత్త చేతులు వేలాడుతున్నాయి. నేల అద్దంలా మెరుస్తోంది. ఆమె వంగి, అక్క కూర్చున్న చోట అరచేత్తో తడిమింది.

"మరకేదీ?"

"రోజూ కొత్తిల్లే కదే. ఆ తెల్లారే పోయింది," అన్నాడు గురునాయుడు ఓదార్పుగా. "అధికారం కూడా దింపేసేను. ఇదిగో సూడు, ఇప్పుడన్నీ అడుగుతాది."

"అమ్మా, ఈనెలు తీయమంటారా? వేలిముద్ర ఇవ్వండి," అంది ఇల్లు మెత్తగా.

నీలవేణి వేలిముద్ర పలక వైపు చేయి చాచింది. మణికట్టు మీద అతని అయిదు వేళ్ళూ నీలంగా కమిలి కనిపించాయి. గురునాయుడు వాటిని చూశాడు. ఆమె కూడా చూసుకుంది.

చేయి వెనక్కి తీసుకుంది. రోటి పక్కనున్న పొత్రం చంకనెత్తుకుని, చెప్పులైనా వేసుకోకుండా ఎండలోకి నడిచిపోయింది.