నౌఫెల్ చేతులు

రంజాన్ నెలలో పొద్దు వాలే వేళకి ట్యూనిస్ నగరం ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది. కొట్ల షట్టర్లు దిగిపోతాయి. పిల్లులు తప్ప వీధిలో ప్రాణి కనిపించదు. అందరూ షోర్బా సూపు గిన్నెల ముందు కూర్చుని, ఉపవాసం విడవమని చెప్పే ఇఫ్తార్ ఫిరంగి ఎప్పుడు మోగుతుందా అని చెవులు రిక్కించుకుని ఉంటారు.

అయితే పళ్ళేల్లో పెరిగే కణాలకు రంజాన్ లేదు. ఏ రోజు మేత ఆ రోజు పడాల్సిందే. అందుకని కొండ మీది పరిశోధనశాలలో ఆ వేళకి ఎవరో ఒకరు వంతు వేసుకుని ఉండిపోతారు. ఆ సాయంత్రం వంతు సిరీన్‌ది.

"చూశావా, మనం పొద్దుట్నించి గుక్కెడు నీళ్ళు లేక చస్తుంటే, మీ అన్న మాత్రం దర్జాగా గులాబీ షర్బత్ తాగుతున్నాడు," అంది సోందోస్, గులాబీ రంగు మేతలో ఉన్న కణాల పళ్ళేన్ని చూపించి, సంచి భుజాన వేసుకుంటూ. ఆమెది సిరీన్ పక్క బల్లే. నోటికి తాళం లేని మనిషి.

"తాగనీవే. ఇంట్లో ఎలాగూ గుటక దిగట్లేదు. ఇక్కడైనా తాగనీ."

సోందోస్ నవ్వు ఆగిపోయింది. "ఇవాళే కదా? నువ్వు చెయ్యలేకపోతే చెప్పు, నేను చేసేసి వెళ్తా."

"వద్దులే. నువ్వెళ్ళు. ఆలస్యమైతే మీ ఆయన వేయించిన బ్రీక్‌లన్నీ ఒక్కడే లాగించేస్తాడు."

తలుపు మూసుకుంది. ఫ్రిజ్‌ల సన్నని రొద మిగిలింది. స్పిరిట్ వాసన మిగిలింది.

సిరీన్ అన్న నౌఫెల్ బాబ్ సూయికా పేటకి బూ తబీలా. అంటే రంజాన్ నెలలో తెల్లవారకముందే డప్పు కొట్టుకుంటూ తిరిగి, సహర్ భోజనానికి జనాన్ని లేపే మనిషి. అతని దెబ్బ పేటలో పసిపిల్లలకి కూడా తెలుసు. రెండు బరువు దెబ్బలు, కాస్త విరామం, మూడు తేలిక దెబ్బలు. ఒక ఏడు డప్పుపుల్ల చేతిలోంచి జారింది. మరుసటి ఏడు చెయ్యే లేవలేదు. మెదడు మాటని కండరానికి చేరవేసే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు. ఇప్పుడు అతనిలో కదిలేవి కళ్ళు మాత్రమే.

ఆ జబ్బు మీదే సిరీన్ పని. అన్న చర్మంలోంచి గోరంత ముక్క తీసుకుంది. దాన్ని వెనక్కి నడిపించి, ఇంకా ఏ రూపమూ తీసుకోని మూలకణంగా మార్చింది. ఆ మూలకణాన్ని నరంగా పెంచి, పక్కన కండరాన్నీ పెంచింది. పేటను నౌఫెల్ లేపినట్టే, పళ్ళెంలో నరం కండరాన్ని తట్టి లేపుతుంది. పోలిక కోసం ఇంకో పళ్ళెం ఉంటుంది, జబ్బు లేని మనిషిది. అది సిరీన్ కణాలతో చేసింది.

కొత్త మందు నరాన్ని నిలబెట్టిందో లేదో తేలాలంటే దారి ఒక్కటే. పళ్ళెంలో ఫార్మలిన్ పోసి, ఉన్నవాటిని ఉన్నట్టే చంపి, రంగు వేసి చూడాలి. నౌఫెల్ పళ్ళేనికి ఆ గడువు ఇవాళ.

సిరీన్ పళ్ళేన్ని మైక్రోస్కోప్ కింద పెట్టింది.

కండరం కొట్టుకుంటోంది. రెండు బరువుగా. విరామం. మూడు తేలిగ్గా.

నెల కిందట మొదలైంది అది. సోందోస్‌కి చూపిస్తే, "కొట్టుకోవడం మామూలేగా, నీకు అలా అనిపిస్తోంది," అంది. ఫోన్‌లో ఆ వీడియో అన్నకీ చూపించింది సిరీన్. "నీ చేతులన్నయ్యా! చూడు, బతికే ఉన్నాయి." అతను గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. ఫోన్ తీసేసేదాకా మళ్ళీ తెరవలేదు. సంతోషం పట్టలేకపోయాడనుకుంది ఆమె.

ఫార్మలిన్ సీసా మూత తీసింది. ముక్కుపుటాలు మండాయి. పిపెట్‌లోకి లాగింది. పళ్ళెం మీదకి తెచ్చింది. చెయ్యి ఆడలేదు.

అన్నలో కదులుతున్నదల్లా ఇదొక్కటే. దీన్నీ తన చేత్తోనే ఆపాలా?

ఇలాంటి చోట పనిచేసేవాళ్ళు ఎప్పుడో ఒకసారి పళ్ళేలు తారుమారు చేస్తారు. చీవాట్లు తింటారు, మళ్ళీ పెంచుతారు. 'పొరపాటున మారిపోయాయి' అంటే సరి. సిరీన్ రెండో పళ్ళెం తీసింది, తనది. ఫార్మలిన్ అందులో పోసింది. అల్లల్లాడుతున్న కండరం ఒక్కసారి బిగుసుకుని నిలిచిపోయింది.

దూరంగా ఫిరంగి మోగింది.

ఉపవాసం విడుద్దామని ఖర్జూరం పట్టుకోబోయింది. పండు జారిపోయింది. మళ్ళీ పట్టుకోబోయింది. కుడి బొటనవేలు వంగలేదు. ఆకలి నీరసం అనుకుంది. ఎడమ చేత్తో నోట్లో వేసుకుంది. తీపి తెలియలేదు.

ఫోన్ మోగింది. అమ్మ.

"సిరీన్..." గుసగుస. "మీ అన్న పోయాడే తల్లీ. ఫిరంగికి ముందే... కళ్ళు మూశాం. దుప్పటి కప్పాం."

"అమ్మా—"

"ఏడవకు. విను. దుప్పటి కింద చెయ్యి కొడుతోంది."

"ఏమిటీ?"

"మంచం పట్టె మీద కొడుతోందే. డప్పు కొట్టినట్టు. నేను పట్టుకుంటే ఆగడం లేదు. మీ పిన్ని వాళ్ళందరూ బయటికి పరిగెత్తారు." "మూసిన కళ్ళు మళ్ళీ తెరిచాడు. నన్నే చూస్తున్నాడు. వాడి చూపు చూడలేకపోతున్నాను. వాణ్ణి పోనివ్వవే... అక్కడ వాడి కణాలతో ఏం చేస్తున్నావో, ఆపెయ్!"

అప్పుడు అర్థమైంది సిరీన్‌కి, అన్న ఆ రోజు కళ్ళెందుకు మూసుకున్నాడో. ఆపెయ్యమని.

సీసా అందుకుంది. కుడి చెయ్యి మణికట్టు దాకా వేలాడుతోంది. చల్లగా... ఎవరిదో చెయ్యిలా. సీసాని పొట్టకి ఆనించుకుని, ఎడమ చేత్తో మూత తిప్పింది. సగం బల్ల మీద ఒలికింది. కళ్ళలో నీళ్ళు. మిగిలింది నౌఫెల్ పళ్ళెంలో కుమ్మరించింది.

మైక్రోస్కోప్‌లోకి చూసింది.

రెండు బరువుగా. విరామం. ఒకటి...

ఆగింది.

"అమ్మా?"

ఫోన్‌లో పెద్ద నిట్టూర్పు. "ఆగిందే. కళ్ళు మూసుకున్నాడు. మొహం ఎంత ప్రశాంతంగా ఉందో, చిన్నప్పుడు నిద్రపోయినట్టు..."

సిరీన్ బల్లకి ఆనుకుని నేల మీదకి జారింది. వెక్కి వెక్కి ఏడ్చింది. కిటికీలో వెలుగు పూర్తిగా పోయింది. ఫ్రిజ్‌ల రొద.

ఆ రొదలో ఇంకేదో.

గది మూల ఉక్కు పీపా ఉంది. ద్రవ నైట్రజన్ పీపా. అందులో నౌఫెల్ కణాలు మిగిలినవన్నీ చిన్న చిన్న గొట్టాల్లో గడ్డకట్టి ఉన్నాయి. ఆ చలిలో ఏదీ కదలదు. కదలలేదు.

లోపలి నుంచి ఎవరో తడుతున్నారు.

రెండు. విరామం. మూడు.

"సిరీన్..." ఫోన్‌లో అమ్మ గొంతు. "మళ్ళీ మొదలైందే."

ఆమె పాకుతూ వెళ్ళి పీపా దగ్గర మోకాళ్ళ మీద లేచింది. మూత బరువైంది. రెండు చేతులూ కావాలి. ఎడమ చెయ్యి పిడి మీద వేసి, కుడి చెయ్యి కోసం చూసింది.

అది అప్పటికే మూత మీద ఉంది. తను పెట్టలేదు. వేళ్ళు వాటంతటవే లేచి పడుతున్నాయి.

రెండు బరువుగా. విరామం...

లోపలివాళ్ళు లయ అందుకున్నారు.