పైపులో జడ

"ఇంట్లో ఎంతమంది ఆడవాళ్ళున్నారండీ?"

బాత్‌రూమ్ గచ్చు మీద మోకాళ్ళూని, తీగకి చుట్టుకున్న జుట్టుని లాగుతూ అడిగాడు పైపులు బాగుచేసే అతను. లాగేకొద్దీ వస్తూనే ఉంది.

"నేనూ, మా అమ్మా."

"అమ్మగారిది తెల్లజుట్టు కదండీ. ఇదంతా నల్లగా ఉంది."

లెక్కల టీచరుకి ఒళ్ళు మండింది. "మిమ్మల్ని పిలిచింది పైపు చూడడానికా, రంగులు చూడడానికా?"

పైపు మూసుకుపోవడం నెలలో ఇది మూడోసారి. దువ్వెన నిండా జుట్టే, దిండు నిండా జుట్టే. బళ్ళో పాఠం చెబుతుంటే చాక్‌పీసుకి కూడా చుట్టుకుంటోంది. ఇక సలహాలకి లోటు లేదు. అమ్మ మూడు నూనెలు కలిపి మరిగిస్తుంది. పక్కింటావిడ ఉల్లిరసం అంటుంది. హెడ్మాస్టరు తన బట్టతల నిమురుకుంటూ, "టెన్షన్ తగ్గించుకోమ్మా" అంటాడు.

గుమ్మంలోంచి అమ్మ అందుకుంది. "సవరం పెట్టుకోవే అంటే వినదు బాబూ. నువ్వైనా చెప్పు."

"అమ్మా! ఆయనతో చెప్పిస్తావేంటే?"

అతను చేతులు కడుక్కుని మెల్లగా అడిగాడు. "ఈమధ్య జ్వరం గానీ వచ్చిందా?"

"మూడు నెలల క్రితం టైఫాయిడ్. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"మా అక్కకీ ఇంతే. జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకి కుచ్చులు కుచ్చులుగా ఊడింది. ట్యాంకులో నీళ్ళు లేకుండా కుళాయి తోమితే ఏం లాభమండీ? రక్తం పరీక్ష చేయించుకోండి."

తీరా చూస్తే అతని మాటే నిజమైంది. అదింకా మంటగా ఉంది ఆమెకి. థైరాయిడ్ బాగానే ఉంది, ఐరన్ మాత్రం అడుగంటిందని చెప్పింది డాక్టరమ్మ. మాత్రలు రాసింది. గుడ్లూ పప్పులూ తినమంది, బిగించి జడ వెయ్యొద్దంది. "కుదుళ్ళు చావలేదు, మళ్ళీ వస్తుంది. ఆర్నెల్లు ఓపిక పట్టు. ఇన్నాళ్ళూ తలకి పట్టించావు గానీ కడుపుకి పెట్టలేదు."

పైపులతను బాత్‌రూమ్ తూముకి, జుట్టు లోపలికి పోకుండా, సన్నటి జాలీ బిగించాడు. ఆదివారం ఆదివారం వచ్చి చూసేవాడు.

"పోయినవారం నిమ్మకాయంత. ఈవారం గోలీకాయంత."

"ఆడపిల్ల జుట్టు కొలవడానికి సిగ్గు లేదూ?"

"తగ్గుతోందని చెబుతున్నానండీ!"

అయిదో నెలలో జాలీ ఖాళీ. ఆమె నుదుటి మీద పిల్లవెంట్రుకలు నిక్కబొడుచుకుని లేచాయి.

"ఇంక నేను రానక్కర్లేదండీ," అని సంచీ సర్దుకున్నాడు.

అన్నట్టే రెండు ఆదివారాలు రాలేదు. అయిదు నెలలు దేనికోసం ఎదురుచూసిందో, ఆ ఖాళీ జాలీని చూస్తేనే ఇప్పుడు ఆమెకి చిర్రెత్తుకొస్తోంది.

మూడో ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసింది. "నీళ్ళు పోవడం లేదు."

పరుగున వచ్చాడు. జాలీ తీసి తీగ దించి లాగాడు. తడిసి ముద్దయిన గుడ్డ వచ్చింది.

"ఇది జుట్టు కాదండీ."

"తెలుసు."

"లోపలికెలా పోయింది?"

"నేనే కుక్కాను. మీరు జుట్టు కోసమేనా వచ్చేది? మనిషి కోసం రారా?"

అతను తీగ వదిలేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆవేళ జాలీ ఖాళీగా ఉంటే... ఇంకో నాలుగు వెంట్రుకలు ఊడితే బాగుండునని అనుకున్నానండీ. మీ మేలు కోరాల్సినవాణ్ణి. ఆ సిగ్గుతోనే మొహం చూపించలేదు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతులో మాత్రం కోపం అలాగే ఉంది.

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడిస్తే నా కొత్త దిండు గలీబు మిగిలేది కదయ్యా!"