గోడకీ బంపర్‌కీ మధ్య

చనిపోయినవాడి చేతిలో కాఫీ కప్పు పిడి మాత్రమే ఉంది. కప్పు ముక్కలైపోయి గరాజ్ నేలంతా చెల్లాచెదురుగా పడింది.

ఆదివారం. ఉదయం తొమ్మిదింబావు.

ఇన్‌స్పెక్టర్ శవం పక్కన గొంతుక్కూర్చున్నాడు. పోయినవాడికి నలభై ఏళ్లుంటాయి. మంచి బట్టలు, మంచి వాచీ. రెండు తొడలూ నుజ్జునుజ్జయ్యాయి. వెనక గోడమీద వీపు జారిన మరక నేలదాకా ఉంది.

ఎదురుగా కారు. పసుపుపచ్చ రంగు. రెండే సీట్లు. నేలకి కరుచుకుపోయినట్టుండే స్పోర్ట్స్ కారు. మోడల్ పాతదే, ఒంటిమీద మాత్రం గీత కూడా లేదు. అద్దంలా మెరుస్తోంది. ముందు బంపర్ ఒక్కటే పగిలింది. సిమెంటు నేలమీద వెనక చక్రాలు గిర్రున తిరిగినచోట రెండు నల్లటి చారలు.

"కారుకీ గోడకీ మధ్య ఇరుక్కుపోయాడు సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "ఆంబులెన్స్ వాళ్లు గేరు న్యూట్రల్లోకి తెచ్చి బండిని వెనక్కి నెట్టారు. అప్పటికే పోయాడు."

"నడిపిందెవరు?"

"భార్య. డ్రైవింగ్ నేర్చుకుంటోంది."

"నేర్పేదెవరు?"

హెడ్ శవం వైపు చూశాడు.

ఇన్‌స్పెక్టర్ చేతికి గ్లవ్స్ తొడుక్కుని డ్రైవర్ సీట్లోకి దూరాడు. మోకాళ్లు స్టీరింగ్‌కి తగిలాయి. కీ తిప్పాడు. డాష్‌బోర్డులో లైట్లు వెలిగాయి. ఇంకొంచెం తిప్పాడు.

ఏమీ లేదు. చిన్న కదలిక కూడా లేదు.

"గుద్దుకోవడంలో ఏదో తెగి ఉంటుంది సార్," అన్నాడు హెడ్.

"అయ్యుండొచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. హారన్ నొక్కి చూశాడు. గరాజ్ అదిరిపోయేలా మోగింది. బ్యాటరీ నిక్షేపంగా ఉంది.

హాల్లో భార్య సోఫా అంచున కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్లు. ఏడ్చిన జాడ లేదు. పక్కన ఆమె చెల్లెలు. కాలేజీలో చదువుతోందట. అమ్మానాన్నా పోయాక అక్క దగ్గరే ఉంటోంది. ఆ పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏం జరిగిందమ్మా?"

"కీ తిప్పానండి. క్లచ్ తొక్కడం మర్చిపోయాను. బండి ఫస్ట్ గేర్లో ఉంది. ఒక్కసారిగా ముందుకి దూకింది. కంగారులో బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేశాను."

ఒక్క గుక్కలో చెప్పేసింది.

"క్లచ్ ఇంతకుముందు కూడా మర్చిపోయారా?"

"ఎన్నోసార్లు. ఎవర్నడిగినా చెబుతారు."

"కారు ముందు ఆయనెందుకు నిలబడ్డారు?"

"అదే ఆయన పద్ధతండి. ఎదురుగా మనిషుంటే ఒళ్లు దగ్గరపెట్టుకుని నేర్చుకుంటానని."

ఇన్‌స్పెక్టర్ పక్కనున్న చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వెక్కడున్నావు?"

"బాత్రూంలో."

"ఏం చేస్తున్నావు?"

"వాంతులు."

"ఎందుకు?"

ఆ పిల్ల నోరు తెరిచింది. అక్క ఆమె చేతిమీద చెయ్యేసింది. "దానికి ఒంట్లో బాగోలేదండి."

మరణించినవాడి అన్న పైవాటాలో ఉంటాడు. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. ఇన్‌స్పెక్టర్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"చంపేసింది సార్! మొద్దు! పరమ మొద్దు! తమ్ముడు దాన్ని పిలిచేదే ఆ పేరుతో. గేర్లు అర్థమయ్యే బుర్రేనా అది? ఇంటికెవరన్నా వస్తే వాళ్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి గరిటె ఇచ్చి, గేర్లు మార్చి చూపించమనేవాడు. అది తికమకపడుతుంటే మేమంతా పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం."

"ఆ కారంటే ఆయనకి ప్రాణమా?"

"ప్రాణమేమిటి సార్! ఎక్కడో తుప్పుపడుతున్నదాన్ని కొనుక్కొచ్చి ఈ రూపానికి తెచ్చాడు. ఆయిల్ తనే మార్చేవాడు. పళ్లు తోముకునే బ్రష్షుతో చక్రాల సందులు తోమేవాడు. ఆ మొద్దు చేతకానితనంతో బండి ఆపేసినప్పుడల్లా, కిందకి దింపి, బానెట్ మీద చెయ్యి పెట్టించి, కారుకి సారీ చెప్పించేవాడు. గట్టిగా, వీధిలోకి వినబడేలా."

"అప్పుడూ నవ్వేవాళ్లా?"

అన్న తడబడ్డాడు. "సరదాకి సార్."

"పొద్దున ఏం విన్నారు?"

"స్నానం చేస్తున్నా. బండి స్టార్టయింది. నీళ్లు కట్టేసి, ఒళ్లు తుడుచుకుని, లుంగీ కట్టుకున్నా. అప్పుడు ధబ్‌మంది. మళ్లీ గోడకి పెట్టిందనుకున్నా."

"తర్వాత?"

"అరుపులు. తమ్ముడివే."

"దిగి రాలేదా?"

"దాన్ని తిడుతున్నాడనుకున్నా సార్. రోజూ ఉండేదేగా. కాఫీ కలుపుకుని, తాగి, తాపీగా…"

మాట మధ్యలో ఆగిపోయింది. అన్న మెల్లగా మంచంమీద కూలబడ్డాడు. తమ్ముడు చస్తూ పిలుస్తుంటే తను కాఫీ ఊదుకుంటూ తాగానని ఆ మనిషికి అప్పుడు తెలిసొచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఓదార్చలేదు. రాసుకోవాల్సింది రాసుకుని దిగిపోయాడు.

కింద వీధిలో బండ్లు మోసుకెళ్లే లారీ వచ్చి ఆగి ఉంది.

"అది స్టార్టవ్వదు," అన్నాడు హెడ్ లారీ డ్రైవర్‌తో. "తాడు కట్టి లాగాల్సిందే."

లారీ డ్రైవర్ వినిపించుకోలేదు. పసుపుపచ్చ కార్లో కూర్చున్నాడు. కీ తిప్పాడు. ఇంజన్ గురగురమని లేచింది. తీరిగ్గా వెనక్కి తీసి, తిప్పి, లారీ ఎక్కించేశాడు.

ఇన్‌స్పెక్టర్ చేతిలో సిగరెట్ వెలిగించకుండానే ఉండిపోయింది.

తను తిప్పితే చప్పుడు లేదు. వాడు తిప్పితే మొదటిసారికే లేచింది. కారు అదే. కీ అదే. నిమిషాల తేడా.

"నువ్వేం చేశావోయ్?" అని అడిగాడు.

"ఏం చేశాను సార్? కూర్చున్నా, తిప్పా."

"కాళ్లతో?"

వాడు వింతగా చూశాడు. "క్లచ్ తొక్కా. అలవాటేగా."

ఇన్‌స్పెక్టర్ నడిపే ఆఫీసు బండికి క్లచ్ లేదు. కీ తిప్పినప్పుడు ఆయన ఎడమకాలు ఖాళీగానే ఉంది.

సిగరెట్ జేబులో పెట్టేసుకున్నాడు. "ఈ కారు చూసే మెకానిక్ ఎవరో కనుక్కో. లారీని స్టేషన్‌కి కాదు, ముందు అక్కడికి పోనియ్."

మెకానిక్ షెడ్డు ఊరి చివర. లారీమీద పసుపుపచ్చ కారు పగిలిన మొహం చూడగానే వాడు చేతిలో పానా కింద పెట్టేశాడు.

"బ్రేకులు బాగానే ఉన్నాయి సార్! నేను చేసిన పనిలో లోపం లేదు!"

"బ్రేకుల గురించి అడగలేదు. క్లచ్ తొక్కకపోతే ఇది స్టార్టవదా?"

"అవదు సార్. పెడల్ దగ్గర స్విచ్చుంటుంది. పాత ఓనరెవడో దాని వైర్లు కోసి కలిపేశాడు. ఈ మధ్యదాకా ఎలా తిప్పినా లేచేది. ఓసారి వాళ్లావిడ క్లచ్ మర్చిపోయి గోడకి పెట్టింది. బంపర్‌కి చిన్న దెబ్బ. దాంతో ఆయన స్విచ్ కొత్తది వేయించుకున్నాడు."

"ఎన్నాళ్లయింది?"

"మూడు వారాలు."

"ఆమెకి తెలుసా?"

మెకానిక్ తల గోక్కున్నాడు. "చెప్పొద్దన్నాడు సార్."

"ఎందుకు?"

"భయం పోతుందని."

"ఏం భయం?"

మెకానిక్ పానాని అటూ ఇటూ జరుపుతూ చెప్పాడు. ఫస్ట్ గేర్లో బండి పెట్టి, మరదల్ని తీసుకొచ్చి గోడకి ఆనించి నిలబెట్టేవాడట. 'ఇప్పుడు కీ తిప్పు. క్లచ్ మర్చిపోయావా, నీ చెల్లికి కాళ్లుండవు' అనేవాడట. ఆ పిల్ల ఏడ్చేది. భార్య వణికిపోతూ రెండు కాళ్లతో క్లచ్ తొక్కేది. స్విచ్ ఉంది కాబట్టి మర్చిపోయినా ఏం కాదని ఆ ఇంట్లో తనొక్కడికే తెలుసు. వాళ్ల మొహాలు చూడాలని రోజూ ఆడించేవాడు.

"నీకెలా తెలుసు?"

"ఆయనే చెప్పాడు సార్. ఇక్కడే నిలబడి, యాక్షన్ చేసి చూపించాడు."

"నువ్వేమన్నావు?"

మెకానిక్ నేలచూపులు చూశాడు. "నవ్వాను సార్."

సాయంత్రం అయిదున్నరకి ఇన్‌స్పెక్టర్ అందర్నీ గరాజ్‌లో కూర్చోబెట్టాడు. అన్న, భార్య, చెల్లెలు, మెకానిక్. కారు మళ్లీ తెప్పించాడు. గోడమీద మరక ఇంకా కడగలేదు.

"హెడ్, ఎక్కు. కాళ్లు పైకెత్తి పెట్టుకో. తిప్పు."

హెడ్ తిప్పాడు. నిశ్శబ్దం.

"ఇప్పుడు క్లచ్ తొక్కి తిప్పు."

ఇంజన్ లేచింది. ఇరుకు గరాజ్‌లో ఆ చప్పుడికి చెల్లెలు రెండు చెవులూ మూసుకుని గోడవైపు ముడుచుకుపోయింది.

"చాలు, ఆపెయ్." ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ భార్య ఎదురుగా నిలబడ్డాడు. "క్లచ్ మర్చిపోయానన్నారు. మర్చిపోతే ఈ కారు చచ్చినా లేవదు. మీరు క్లచ్ తొక్కారు. తొక్కే స్టార్ట్ చేశారు. మీ బావగారు పైన నీళ్లు కట్టేసి, ఒళ్లు తుడుచుకుని, లుంగీ కట్టుకునేదాకా ఇంజన్ నడుస్తూనే ఉంది. మీ కాలు క్లచ్ మీదే ఉంది. తర్వాత ఆ కాలు తీశారు. రెండో కాలు యాక్సిలరేటర్ మీద వేశారు. నేలమీద చారలు అవే."

భార్య కారువైపు చూస్తోంది. "స్విచ్ ఎప్పుడు పెట్టించారండి?"

"మూడు వారాల కిందట."

ఆమె పెదాలు లెక్కపెడుతున్నట్టు కదిలాయి. "అంటే చెల్లిని నిలబెట్టినప్పుడల్లా…"

"మీరు మర్చిపోయినా ఏమీ అయ్యేది కాదు. ఆయనకి తెలుసు. ఈ మెకానిక్‌కీ తెలుసు."

"నాకు నిద్దర్లో కాళ్లు పోయేవి అక్కా," అంది చెల్లెలు. పొద్దుటినుంచీ ఆ పిల్ల తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది. "ఉన్నాయో లేదో అని లేచి తడుముకునేదాన్ని."

మెకానిక్ గరాజ్ తలుపు వైపు ఓ అడుగు వేశాడు. హెడ్ వాడి భుజం పట్టి ఆపాడు.

"ఈ పొద్దున ఆయనే ఎందుకు నిలబడ్డాడు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"చెల్లి వాంతులు చేసుకుంటోంది. 'ఇవాళ మీరు నిలబడండి, చూద్దాం' అన్నాను. పకపకా నవ్వారు. కాఫీ కప్పు పట్టుకెళ్లి నిలబడ్డారు. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకప్పుడు తెలీలేదు." ఆమె గొంతులో వణుకు లేదు. "స్టార్ట్ చేశాను. ఆయన కాఫీ తాగుతూ నన్నే చూస్తున్నారు. 'ఏం చూస్తావే మొద్దూ, న్యూట్రల్ చెయ్, రేపు మళ్లీ మీ చెల్లి డ్యూటీ' అన్నారు. కాలు తీసేశాను."

"ఆ స్విచ్ మరుపు నుంచి కాపాడుతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అంతవరకే. ఆయన లెక్క అక్కడ తప్పింది."

అన్న ఒక్క ఉదుటున లేచాడు. "చూశారా? చంపేసింది! నేను పొద్దున్నే చెప్పాను!"

"మీరు కూర్చోండి. మీరు కాఫీ తాగుతున్నంతసేపూ ఆయన బతికే ఉన్నాడు."

అన్న కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "డాక్టర్ లెక్క ప్రకారం పావుగంట బతికున్నాడు. వెంటనే ఆసుపత్రికి చేరిస్తే బతికేవాడేమో. బండి వెనక్కి ఎందుకు తియ్యలేదమ్మా?"

"నాకు రివర్స్ రాదండి. గేరు రాడ్‌కి కింద ఓ రింగుంటుందట. అది పైకి లాగి పట్టుకుంటేనే పడుతుందట. ఆయన నేర్పలేదు. మొద్దుకి ముందుకి పోవడం వస్తే చాలన్నారు."

"మరి రింగు సంగతి ఎలా తెలిసింది?"

"ఆయనే చెప్పారు. గోడ దగ్గర్నుంచి." ఆమె మొదటిసారి ఇన్‌స్పెక్టర్ మొహంలోకి చూసింది. "ముందు అరిచారు. బూతులు తిట్టారు. తర్వాత మెల్లగా చెప్పారు. రింగు పైకి లాగు, ఎడమకి తోసి ముందుకి వెయ్యి అని. పాఠం చెప్పినట్టు. ఇన్నాళ్లలో అంత ఓపిగ్గా ఎప్పుడూ చెప్పలేదండి. చివరికి 'దయచేసి' అన్నారు."

"మీరేం చేశారు?"

"అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి అన్నాను."

"చెప్పాడా?"

"చెప్పారండి," అంది. "గొంతు ఆగిపోయేదాకా చెప్పారు."