సున్నం చుక్క

సోమవారం పొద్దున్నే పోర్టో చేపల సంతలో, ఎండుచేప బేరమాడుతున్న ద్రోహి ఒకణ్ణి మనవాళ్లు కాల్చేశారు. ఒకటే తూటా. చేప పాడవలేదు. మర్నాడు బ్రిటిష్ గూఢచారి శాఖ కర్నల్ విట్లాక్ తన ఏజెంట్ తెలెష్‌ను పిలిపించాడు.

"వాడు చచ్చేముందే లిస్టు రాసేశాడు. జర్మన్ల నుంచి పారిపోయి వచ్చేవాళ్లను ఓడలెక్కించే ఏడుగురి పేర్లు. ఒకటే కాపీ."

"ఎక్కడుంది సార్?"

"నదికి అవతలి ఊరు గాయాలో, దోనా ఒఫేలియా వైన్ నేలమాళిగలో. 1896 నాటి పోర్ట్ వైన్, పన్నెండు సీసాలు. ఒకదాని బిరడా తొలిచి అందులో దాచారు. రేపు లెంజ్ అనే జర్మన్ వ్యాపారి పన్నెండూ కొంటాడు. పోర్చుగల్ యుద్ధంలో లేదు, లాక్కుంటే రచ్చ. నువ్వు వైన్ మదింపు చేసేవాడి వేషంలో వెళ్లి ఆ లిస్టు కాల్చెయ్."

"నా వృత్తే అది కదా సార్."

"వేషం ఖర్చు మిగిలింది."

"మరి ఆవిడ?"

"లెంజ్ మనిషి. నమ్మకు." టోపీ అందిస్తూ కర్నల్ మరో ముక్క అన్నాడు. "లిస్టులో మీ తమ్ముడు జెఫెరీను కూడా ఉన్నాడు."

బుధవారం పదకొండు గంటలకు తెలెష్ నేలమాళిగ మెట్లు దిగాడు. జేబులో పిస్టల్ లేదు. చేతిలో పొడుగాటి ఇనుప పట్టకారు ఉంది. పాత బిరడాను మరతో లాగితే పొడైపోతుంది. అందుకే పట్టకారు ఎర్రగా కాల్చి సీసా మెడకు బిగించి, తడిగుడ్డ వేసి విరుస్తారు. పన్నెండు సీసాల బేరంలో తనకు నచ్చిన ఒకటి తెరిచి రుచి చూడడం మదింపుదారుడి హక్కు. కొనేది రాజైనా కాదనడానికి లేదు.

దోనా ఒఫేలియా నల్లపట్టులో, ఎర్రని పెదవులతో నిలబడి ఉంది. మొగుడు పోయి ఏడాదైనా కాలేదు. లెంజ్ ఆమె మోచేయి వదలడం లేదు. తెలెష్‌కు ఒళ్లు మండింది.

"కానివ్వండి," అన్నాడు లెంజ్. "నాకు ఓడ టైమవుతోంది."

తెలెష్ కొవ్వొత్తి పట్టుకుని ఒక్కో సీసా చూశాడు. బూజు, లక్క, వైన్ మట్టం అన్నీ సరిగానే ఉన్నాయి. తొమ్మిదో సీసా దగ్గర ఆగాడు. పడుకోబెట్టిన సీసాకు పైవైపున సున్నం చుక్క పెడతారు. ఎక్కడికి మార్చినా చుక్క పైకే ఉండాలి, అప్పుడే మడ్డి కదలదు. దీని చుక్క కింద ఉంది.

దొరికింది. వేలు చూపిస్తే సరిపోయేది. కానీ ముప్పై ఏళ్ల వృత్తి ఊరుకుంటుందా?

"దీన్ని తలకిందులుగా పెట్టిందెవరు? గాయాలో పాలు తాగే పిల్లకైనా తెలుసే, చుక్క పైకి ఉండాలని. ఇది పొరపాటు కాదు, కావాలని చేసిన పనే. వాళ్ల వేళ్లు విరగ్గొట్టాలి."

లెంజ్ మెల్లగా ఒఫేలియా వైపు తిరిగాడు.

"నేనే పెట్టాను," అందామె నవ్వుతూ. "కొత్త కదా, నేర్చుకుంటున్నా."

ఆమె ఆ నేలమాళిగలోనే పుట్టి పెరిగిందని గాయా అంతటికీ తెలుసు. తెలెష్ అది ఆలోచించే స్థితిలో లేడు. పట్టకారు కుంపట్లో ఎర్రబడింది.

"అది వద్దు, ఇంకోటి తెరవండి," అంటూ లెంజ్ చెయ్యి కోటులోకి పోయింది.

"మడ్డి కదిలింది సార్. ఇదే చూడాలి."

పట్టకారు బిగిసింది. తడిగుడ్డ బుస్సుమంది. మెడ టక్కున విరిగి, బిరడాతో సహా తెలెష్ చేతిలోంచి నిప్పుల్లోకి జారింది. లెంజ్ కుంపటి దాకా వచ్చేసరికి ఏడు పేర్లూ పొగైపోయాయి. అతను చెయ్యి కోటులోంచి బయటికి తీసి, మళ్లీ ఒఫేలియా మోచేయి పట్టుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం జాలర్ల వలలో ఒఫేలియా శవం దొరికింది. చేతి వేళ్లు పదీ విరిగి ఉన్నాయి.

"ఆవిడ మన మనిషే," అన్నాడు కర్నల్. "లిస్టు తానే కాలిస్తే లెంజ్ పసిగడతాడని, నీకు గుర్తుగా చుక్క కిందికి తిప్పి పెట్టమన్నాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీ చూపు మాటిమాటికీ ఆవిడ మీదికి పోయేది."

"చెప్పుంటే నోరు మూసుకునేవాణ్ణి."

కర్నల్ అతని టోపీ అందించాడు. "మీ తమ్ముడు క్షేమం. ఇంతకీ ఆ వైన్ రుచి ఎలా ఉంది?"

"చాలా బాగుంది సార్," అన్నాడు తెలెష్. "మడ్డి కదల్లేదు. అంత జాగ్రత్తగా తిప్పి పెట్టింది."