ఒక్క రక్తపరీక్ష మీద

ఆ ఉదయం భీమవ్వ పెరట్లో బట్టలు ఆరవేస్తోంది. లోపల కోడలు త్రివేణి ఆమె చీరలను సంచిలో సర్దుతోంది. మరునాడు నిజామాబాదులో భీమవ్వకు గర్భసంచి, అండాశయాలు తీసివేసే ఆపరేషన్. ఆర్మూరులో ఎవరో పెట్టిన శిబిరంలో క్యాన్సర్ పేరిట రక్తపరీక్ష చేశారు. అంకె కొంచెం ఎక్కువ వచ్చింది. ఏ బాధా లేక తిరుగుతున్న మనిషిని కోయడానికి ఆ ఒక్క అంకె సరిపోయింది.

కూతురు వర్షిత జక్రాన్‌పల్లి ప్రభుత్వ దవాఖానలో డాక్టరు. సంగతి తెలియగానే డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, కూర్చోకుండానే అన్నను నిలదీసింది.

"స్కానింగ్ తీపిచ్చినవా అన్నా?"

"ముందుగాల తీసేస్తె పీడ పోతదన్నరు," అన్నాడు లోకేశ్. మార్కెట్ యార్డులో పసుపు కొనడం అతని వ్యాపారం. "అంకాపూర్‌ల భూమేష్ వాళ్ల అత్తకు గీ టెస్టుతోనే దొరికింది. బతికింది."

"ఒక్కామె ముచ్చట చెప్తున్నవ్. ఏ బాధ లేని ఆడోళ్లకు గీ టెస్టు చేసుకుంట పెద్ద డాక్టర్లు ఏండ్లకేండ్లు చూసిండ్రు. చావులు తగ్గలే. ఉత్తగనే కోత కోపిచ్చుకున్నోళ్లు మస్తుమంది. నువ్వు పైబస్తా ఒక్కటి చూసి ధర కడ్తవా? అడుగు బస్తాల చెయ్యి పెట్టి, కొమ్ము విరిచి చూడవా?"

"అమ్మ పసుపు కొమ్ము కాదే!" అన్నాడు లోకేశ్. "నాయిన కడుపు నొస్తుందంటె గ్యాస్ గోలీలిచ్చుకుంట కూసున్నం. క్యాన్సరని తెలిసేసరికి చెయ్యి దాటిపాయె. మళ్ల గట్లనే కూసోమంటవా?"

"నాయినకు నొప్పి ఉండె అన్నా. గప్పుడు చెయ్యాల్సిన పరీక్షలు చెయ్యలే. గిప్పుడు అక్కరలేని కోత కోపిస్తున్నవ్."

"అయిందా మీ పంచాయితీ?"

గుమ్మంలో భీమవ్వ నిలబడి ఉంది.

"ఒకడు కోపిస్తనంటడు, ఒకతె వద్దంటది. నీకెట్లున్నదని నన్నెవలన్న అడిగిండ్రా?"

త్రివేణి చేతిలోని చీర మడత మధ్యలోనే ఆగిపోయింది. తానూ ఇంతసేపూ రక్తపరీక్ష కాగితం గురించే వాదించానని వర్షితకు తోచింది. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుంది. కడుపు ఉబ్బుతోందా, రెండు ముద్దలకే నిండిపోతోందా, మూత్రం మాటిమాటికీ వస్తోందా, అక్కచెల్లెళ్లలో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా అని ఒక్కొక్కటే అడిగింది.

"గవేం లేవు. అలుపే. మీ నాయిన పోయినప్పటి సంది." భీమవ్వ కూతురి ముఖంలోకి చూసింది. "మరి నాకేం లేనట్టేనా?"

లేదని చెప్పడం ఎంత తేలికో వర్షితకు తెలుసు.

"తెల్వదమ్మా. ఉండకపోవచ్చు. రేపు స్కానింగ్ తీపిస్త, ఆడోళ్ల డాక్టరమ్మకు చూపిస్త. కొన్ని వారాలకు మళ్ల రక్తం చూస్తం. గవన్నీ చూసినంకనే ఆపరేషన్ మాట."

లోకేశ్ ఫోన్ తీసి నిజామాబాదు దవాఖానకు ఆపరేషన్ వద్దని చెప్పాడు. చెప్పి, తల్లి మోకాళ్ల మీద తల పెట్టి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. భీమవ్వ అతని జుట్టు నిమురుతూ, కూతురితో నెమ్మదిగా అంది:

"తెల్వదన్నవు. గది సాలు బిడ్డా. మీ నాయినకు అందరు తెలిసినట్టే చెప్పిండ్రు."