కక్కించిన మందు

పొద్దున్నే దుర్గమ్మ తన పొయ్యి తాను వెలిగించుకుంది. ఆ ఒక్క ఇంట్లో రెండు పొయ్యిలు. కోడలు సోమి అడవిలో ఉండే దోర్ల తెగ పిల్ల. ఆమె చేతి కూడు ముట్టనని పెళ్లినాడే ఒట్టు పెట్టుకున్న మహా ఇల్లాలు దుర్గమ్మ. శబరి ఒడ్డున ఉన్నది రెండెకరాల జొన్న చేను. మిడిసిపాటు మాత్రం బస్తర్ రాజ్యమంతా తన పేరనే ఉన్నట్టు.

కొడుకు ఉప్పలయ్య నాలుగు రోజులుగా అన్నం సయించక మూలుగుతున్నాడు.

"నీ పెళ్లాం మందు పెట్టిందిరా," అంది దుర్గమ్మ. "నిన్ను కొంగుకు కట్టుకుందామని కూట్ల కలిపింది. కక్కిస్తే గాని పోదు."

"మందేందమ్మా! వానల తడిసిన, జరమొచ్చింది."

"నీకేం తెల్సు? నోర్మూస్కొని తాగు."

లోకంలో తెలివంతా దేవుడు తనకే ఇచ్చినట్టు, ఆకు పసరులో ఉప్పు కలిపి గిన్నెడు తాగించింది. వాడు కక్కాడు. మందు గడ్డ ఇంకా పడలేదని మరో గిన్నె పోసింది. పొట్టలో ఏమీ లేకపోయినా వాడు మెలికలు తిరిగిపోతూ ఓకరించాడు. మధ్యాహ్నానికి నోట్లోంచి నెత్తురు పడింది.

కన్నకొడుకు నెత్తురు కక్కుతుంటే ఆ తల్లి మొహం వెలిగిపోయింది!

"చూసినవా, ఇగో మందు! ఇంకో గిన్నె పొయ్యాలె."

సోమి గిన్నె లాక్కుని వాకిట్లోకి విసిరికొట్టింది. "అది నెత్తురత్తా! ఇంకోసారి పోస్తే మనిషి దక్కడు."

"జంగ్లీదానివి, నువ్వా నాకు చెప్పేది?"

"నేనే. నా మొగడు. పక్కకు జరుగు."

కాపురానికొచ్చిన రెండేళ్లలో సోమి ఎదురు చెప్పడం అదే మొదలు. బండి కట్టి మొగుణ్ణి ఎక్కించింది. కోడలి గుట్టు డాక్టరు ముందే బయటపెడదామని దుర్గమ్మ కూడా ఎక్కింది.

దవాఖానాలో డాక్టరు ఉప్పలయ్యను చూసి హిందీలో మండిపడ్డాడు. దుర్గమ్మకు సంతలో నేర్చిన హిందీ ఉంది, మాటలు బాగానే అర్థమయ్యాయి.

"ఓకరించి ఓకరించి అన్నం దిగే గొట్టం చీలింది. ఎవరు కక్కించారు? జంగ్లీ మనుషులు!"

కోడలి మీద రోజూ విసిరే మాట అది. ఆయన చూపు మాత్రం ఇద్దరి మీదా ఒకే ఈసడింపుతో పడింది. సోమి వేలెత్తి అత్తను చూపిస్తే అయిపోయేది.

"ఇంట్లోవాళ్లమే, సాబ్," అంది సోమి. "తెలియక చేసినం."

దుర్గమ్మ అక్కడే గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది.

రెండు రోజులు ఉప్పలయ్యకు నోటికేమీ ఇవ్వలేదు. నెత్తురు ఆగింది. మూడో రోజు సోమి పల్చటి జావ చల్లార్చి తెచ్చింది. మింగాలంటే వాడికి భయం.

"ముందు నాకు పొయ్యి. నేను తాగితే వాడు తాగుతడు," అంది దుర్గమ్మ.

సోమి గిన్నె వంచలేదు. "నా చేతి జావత్తా. మందుంటదేమో."

ఆ మాటకు దుర్గమ్మ భోరుమంది. "నా కొడుక్కు మందు పెట్టింది నేనే బిడ్డా!" అంటూ దోసిలి పట్టింది.

సోమి ఆ దోసిట్లో జావ పోసింది.

ఇల్లు చేరాక దుర్గమ్మ ఎవరూ అడగకుండానే తన పొయ్యి రాళ్లు పెరికి దొడ్లో పారేసింది.